కారు ఇంజిన్‌కు ఆయిల్ క్యాచ్ క్యాన్ బిగించడం ఎలా: ఎంపిక నుంచి ఖాళీ చేసే దాకా

ఇంజిన్ నుంచి వచ్చే గ్యాస్‌లోని ఆయిల్‌ని పట్టి ఉంచే చిన్న డబ్బానే ఆయిల్ క్యాచ్ క్యాన్. "క్యాచ్ క్యాన్ తెప్పించానండీ, ఏ పైపు ఎటు పెట్టాలి?" అని అడిగేవాళ్లే ఎక్కువ. నిజానికి అది పది నిమిషాల్లో తేలిపోయే సంగతి. అసలు పనంతా దానికి ముందూ వెనకా ఉంది. మీ ఇంజిన్‌కి అది అవసరమా, ఏ హోస్ (రబ్బరు గొట్టం) కొనాలి, క్యాన్ ఎక్కడ కూర్చోవాలి, బిగించాక దాన్ని ఎవరు ఖాళీ చేస్తారు? చివరి ప్రశ్నకి "నేనే" అని గట్టిగా చెప్పలేకపోతే ఇక్కడితో ఆగిపోండి. నిండిపోయిన క్యాన్ ఉన్న ఇంజిన్ కంటే క్యాన్ లేని ఇంజినే నయం.

టర్బో డీజిల్‌ని ప్రధాన ఉదాహరణగా తీసుకుంటున్నాను. అందులో సాధారణంగా ఒకే బ్రీదర్ పైపు (ఇంజిన్ లోపలి గ్యాస్ బయటికొచ్చే పైపు) ఉంటుంది కాబట్టి అర్థం చేసుకోవడం తేలిక. పెట్రోల్ ఇంజిన్లలో ఏం మారుతుందో 9వ భాగంలో ఉంది.

## 1. క్యాన్ ఏం చేస్తుంది, ఏం చేయదు

సిలిండర్‌లో మండే గ్యాస్ కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి కింద ఉండే క్రాంక్‌కేస్‌లోకి (ఇంజిన్ కింది గదిలోకి) జారుతుంది. దాన్ని బ్లో-బై అంటారు. కొత్త ఇంజిన్‌లోనూ ఇది కొంత ఉంటుంది. లోపల ఒత్తిడి పెరగకుండా ఈ గ్యాస్‌ని టాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) నుంచి ఒక పైపు ద్వారా మళ్లీ ఇన్‌టేక్‌లోకి (ఇంజిన్ గాలి పీల్చుకునే దారిలోకి) పంపుతారు. దాంతోపాటు ఆయిల్ తుంపర, నీటి ఆవిరి, కాలని ఇంధనం కూడా వెళ్తాయి. క్యాచ్ క్యాన్ ఈ పైపు మధ్యలో కూర్చుని ఆయిల్‌నీ నీటినీ తనలోకి దించుకుంటుంది, గ్యాస్‌ని ముందుకు వదిలేస్తుంది.

పికప్ పెరగదు. మైలేజ్ పెరగదు. ఇప్పటికే పేరుకున్న మసి పోదు, దానికి ఇన్‌టేక్ విప్పి శుభ్రం చేయించాల్సిందే. డీజిల్‌లో ఈజీఆర్ (పొగ గ్యాస్‌ని కొంత మళ్లీ ఇన్‌టేక్‌లోకి తిప్పే ఏర్పాటు) నుంచి వచ్చే పొడి మసి ఎలాగూ వస్తూనే ఉంటుంది. ఆ మసికి ఆయిల్ తగిలి ముద్దకట్టడం మాత్రం తగ్గుతుంది.

## 2. మీ కారుకు అవసరమా?

డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్: వీటిలో ఇంధనం నేరుగా సిలిండర్‌లోకి వెళ్తుంది, ఇన్‌టేక్ వాల్వుల వెనక భాగాన్ని పెట్రోల్ కడగదు. అక్కడికి చేరిన ఆయిల్ వేడికి మాడి గట్టిపడుతుంది. ఫోక్స్‌వాగన్, స్కోడా టీఎస్ఐ, హ్యుందాయ్ 1.0 టర్బో జీడీఐ, మారుతి 1.0 బూస్టర్‌జెట్, మహీంద్రా టీజీడీఐ ఇంజిన్లు ఈ కోవలోవే. వీటికి క్యాన్ వల్ల ప్రయోజనం ఉంది.

టర్బో డీజిల్: ఈజీఆర్ మసి, ఆయిల్ తుంపర కలిసి మానిఫోల్డ్‌లో (సిలిండర్లకి గాలి పంచే గొట్టాల్లో) తారులా తయారవుతాయి. వీటికీ పనికొస్తుంది.

ఎంపీఎఫ్ఐ పెట్రోల్: స్విఫ్ట్ 1.2 లాంటివి. పెట్రోల్ వాల్వుల మీదే పడుతుంది కాబట్టి అవి చాలావరకు శుభ్రంగానే ఉంటాయి. నన్నడిగితే ఈ డబ్బుతో ఇంజిన్ ఆయిల్‌ని ఒకసారి ముందుగా మార్పించుకోండి.

క్యాన్ కొనే ముందు ఈ మూడు చూడండి:

- డిప్‌స్టిక్: ఆయిల్ మట్టం గరిష్ఠ గీత దాటిందా? సర్వీస్‌లో ఆయిల్ ఎక్కువ పోయడం మామూలే. ఎక్కువైన ఆయిల్ బ్రీదర్ నుంచే బయటపడుతుంది. దానికి మందు క్యాన్ కాదు, అదనపు ఆయిల్ తీసేయడం.
- ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) పైపు: కింది వంపు దగ్గర విప్పి చూడండి. లోపల సన్నటి జిడ్డు పొర ఉండటం సహజం. వంచితే ఆయిల్ కారిందంటే బ్రీదర్‌తో పాటు టర్బో సీల్‌ని కూడా అనుమానించాలి.
- మూత పరీక్ష: డీజిల్ ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత విప్పి, తలకిందులుగా ఆ రంధ్రం మీదే పెట్టండి. కొద్దిగా అదిరితే ఫర్వాలేదు. ఎగిరి పడినా, గుప్పుగుప్పున పొగ కక్కినా రింగుల సంగతి చూడాలి, కంప్రెషన్ టెస్ట్ చేయించండి. వేడి ఆయిల్ చిమ్మొచ్చు, ముఖం దూరంగా పెట్టుకోండి.

మూడో పరీక్షలో మూత ఎలా ప్రవర్తించిందో ఫోన్‌లో చిన్న వీడియో తీసి దాచుకోండి. బిగించాక పోల్చుకోవడానికి ఇదే ఆధారం.

## 3. చట్టం, వారంటీ: క్లుప్తంగా

క్యాన్ రెండు రకాలుగా పెడుతుంటారు. గ్యాస్‌ని తిరిగి ఇన్‌టేక్‌కే పంపేది ఒకటి, నెత్తిన చిన్న ఫిల్టర్ పెట్టి బయటి గాలిలోకి వదిలేది ఇంకొకటి. రెండోది రోడ్డు మీద తిరిగే బండికి వద్దు. క్రాంక్‌కేస్ గ్యాస్ బయటికి పోకూడదన్నది ఉద్గార నిబంధనల్లోనే ఉంది. పైగా ఆ వాసన ఏసీ గాలిలో కలిసి క్యాబిన్‌లోకి వస్తుంది, ఇంట్లోవాళ్లు ఒక్కరోజు కూడా భరించరు.

బండి వారంటీలో ఉంటే సర్వీస్ సెంటర్ అభ్యంతరం చెప్పే అవకాశం ఉంది. అందుకే ఈ గైడ్‌లో కంపెనీ పైపుని ఎక్కడా కోయం. విప్పి, మూటకట్టి, పేరు రాసి డిక్కీలో పెడతాం.

## 4. క్యాన్ ఎంపిక

బయట ఎంత మెరుస్తుందో వదిలేయండి, లోపల ఏముందో చూడండి. చవకరకం క్యాన్లు చాలావరకు ఖాళీ డబ్బాలు. ఒక ముక్కు (హోస్ తొడిగే గొట్టం) లోంచి వచ్చిన గ్యాస్ నేరుగా పక్క ముక్కులోంచి వెళ్లిపోతుంది, ఆయిల్ దిగడానికి కారణమే ఉండదు.

- లోపల బాఫిల్ పలక (గ్యాస్ దారిని మళ్లించే అడ్డుపలక) గానీ, గట్టిగా బిగించిన స్టెయిన్‌లెస్ జాలీ గానీ, మార్చుకోగలిగే ఫిల్టర్ గానీ ఉండాలి.
- గ్యాస్ వచ్చే ఇన్ పైపు లోపల కిందికి దిగాలి, వెళ్లే ఔట్ పైపు మీదే ఉండాలి.
- గిన్నెలు తోమే పీచులాంటి వదులు స్టీలు ఉన్ని ఉంటే తీసి పారేయండి. ఒక్క పోగు ఊడి టర్బోలోకి వెళ్లినా నష్టమే.
- 300 నుంచి 500 మి.లీ. పట్టేది చాలు. బానెట్ కింద చోటు దొరికితే పెద్దదే మంచిది.
- మట్టం తెలిసే గాజు గొట్టమో, చిన్న డిప్‌స్టికో ఉండాలి.
- డీజిల్‌కైతే ప్రెషర్ రిలీఫ్ వాల్వు ఉన్నది వెతకండి. ఫిల్టర్ మూసుకుపోయినా ఇంజిన్‌లో ఒత్తిడి పెరగనివ్వదు. మాన్ ప్లస్ హమ్మెల్ ప్రోవెంట్ 200 ఈ తరహాదే. ఆస్ట్రేలియాలో డీజిల్ 4x4లకు దీన్ని చాలామంది పెడతారు.

ముక్కుల కొలత దగ్గర చాలామంది పప్పులో కాలేస్తారు. "19 మి.మీ. హోస్ ఎక్కుతుంది" అని రాసి ఉంటుంది, ముక్కు లోపలి రంధ్రం చూస్తే 12 మి.మీ. ఉంటుంది. వ్యాసం 19 నుంచి 12కి తగ్గితే గ్యాస్ వెళ్లే దారి సుమారు 60 శాతం మూసుకుపోయినట్టే. కంపెనీ పైపు లోపలి కొలతని వెర్నియర్‌తో చూడండి, ముక్కు లోపలి కొలత దానికి సాధ్యమైనంత దగ్గరగా ఉండాలి. అమ్మేవాడు లోపలి కొలత చెప్పలేకపోతే వేరే చోట కొనండి.

## 5. హోస్: ఇక్కడ పైసలకు చూడొద్దు

క్యాన్ ఫెయిలైంది అన్న ఫిర్యాదుల్లో చాలా వాటికి అసలు కారణం హోస్ ఫెయిలవడమే.

హీటర్ హోస్, రేడియేటర్ హోస్: ఇవి కూలెంట్ కోసం చేసిన రబ్బరు. ఆయిల్ తగిలితే ఉబ్బి, మెత్తబడి, క్లిప్పు కిందనుంచి జారిపోతాయి. వద్దు.

రంగురంగుల సిలికాన్ హోస్: చూడ్డానికి బాగుంటుంది. లోపల ఆయిల్ తట్టుకునే ఫ్లోరో పొర లేకపోతే కొన్నాళ్లకి బయట చెమట పట్టినట్టు జిడ్డు ఊరుతుంది. ఆ పొర ఉందని రాసి ఉంటేనే తీసుకోండి.

పారదర్శక ప్లాస్టిక్ గొట్టం: లోపల ఆయిల్ కనిపిస్తుందని ముచ్చటపడి పెడతారు. ఇంజిన్ వేడికి మెత్తబడి చప్పిడైపోతుంది, తర్వాత గట్టిపడి పగులుతుంది. వద్దేవద్దు.

నైట్రైల్ రబ్బరు ఆయిల్ హోస్, లోపల దారాల అల్లికతో: కావలసింది ఇదే. షాపులో "ఎన్‌బీఆర్ ఆయిల్ హోస్, అల్లిక ఉన్నది" అని అడగండి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో హోస్ షాపులో మీటర్ లెక్కన కోసిస్తారు. పాత పైపుని వెంట తీసుకెళ్లి పక్కన పెట్టి చూసుకోండి. ముక్కని రెండు వేళ్లతో నొక్కండి, సులువుగా మూసుకుపోతే అది ఇన్‌టేక్ లాగుడికి నిలవదు.

కొనేటప్పుడు అవసరానికి అర మీటరు ఎక్కువే తీసుకోండి. పొట్టిగా కోసిన హోస్‌ని పొడవు చేయలేం.

## 6. సామాన్ల జాబితా

- 8, 10, 12 మి.మీ. సాకెట్లు, పొడవాటి ఎక్స్‌టెన్షన్
- స్ప్రింగ్ క్లిప్పులు విప్పే ప్లయర్
- పదునైన కత్తి లేదా హోస్ కట్టర్ (హాక్సా బ్లేడు వద్దు, రబ్బరు పొడి లోపల పడుతుంది)
- కొత్త హోస్ క్లిప్పులు: కనీసం 4, సైజుకి సరిపోయేవి
- బ్రాకెట్, 6 మి.మీ. బోల్టులు, స్ప్రింగ్ వాషర్లు
- టెఫ్లాన్ టేపు, జిప్ టైలు, మాస్కింగ్ టేపు, మార్కర్
- టార్చి, పాత బ్రష్, పోగులు ఊడని శుభ్రమైన గుడ్డలు
- ఒక బకెట్ నీళ్లు, నిమ్మకాయంత చపాతీ పిండి (ఎందుకో కింద చెప్తాను)

## 7. బిగించే ముందు రోజు: కడగడం, బకెట్ పరీక్ష

కొత్త క్యాన్ మూత విప్పి, వేలికి తెల్లగుడ్డ చుట్టి లోపల, ముఖ్యంగా మర చుట్ల దగ్గర తుడవండి. గుడ్డ మీద మిలమిలమనే సన్నటి అల్యూమినియం రజను కనిపిస్తుంది. ఖరీదైన క్యాన్లలోనూ ఇది ఉండొచ్చు. కిరోసిన్‌తో ఒకసారి, గిన్నెలు తోమే లిక్విడ్‌తో ఇంకోసారి కడిగి, గుడ్డకి ఏమీ అంటనంతవరకు తుడవండి. మార్చుకునే ఫిల్టర్ ఉంటే ముందే బయటికి తీసి పెట్టుకోండి.

ముక్కులు బిగించేటప్పుడు టెఫ్లాన్ టేపుని మొదటి మర చుట్టు వదిలేసి చుట్టండి. అంచు దాకా చుడితే తెగిన ముక్క లోపలికి పోతుంది.

ఇప్పుడు పరీక్ష. ఔట్ ముక్కుని గట్టిగా మూయండి, ఇన్ ముక్కుకి శుభ్రమైన హోస్ ముక్క తగిలించి క్యాన్‌ని బకెట్ నీళ్లలో ముంచి నోటితో ఊదండి. మూత చుట్టూ, డ్రెయిన్ వాల్వు దగ్గర, గాజు గొట్టం రెండు చివర్లా చూడండి. బుడగ వచ్చిందంటే అక్కడ లీకు ఉన్నట్టే. ఓ-రింగ్ (రబ్బరు సీలు) సరిచేసి మళ్లీ ముంచండి. రిలీఫ్ వాల్వు ఉన్న క్యాన్ అయితే గట్టిగా ఊదకండి, ఆ వాల్వు తెరుచుకుని లీకు అనిపిస్తుంది. తర్వాత విప్పి ఒక పూటంతా ఎండలో పెట్టండి. తడితో బిగించకూడదు.

ఈ పరీక్ష మానేసి బండికి బిగించాక లీకు వెతుక్కోవడం కంటే తలనొప్పి ఇంకోటి లేదు.

## 8. చోటు చూడటం

తొందరపడకుండా బానెట్ ఎత్తి అరగంట చూడండి. చోటుకి ఉండాల్సిన లక్షణాలు ఇవి:

వాలు. ఇంజిన్ నుంచి క్యాన్‌కి వచ్చే హోస్ వీలైనంతవరకు కిందికే వాలాలి. క్యాన్ నుంచి టర్బో వైపు వెళ్లే హోస్ పైకే ఎక్కాలి, అప్పుడు దారిలో చల్లబడిన తడి కూడా వెనక్కి క్యాన్‌లోకే జారుతుంది. మధ్యలో ఊయలలా వేలాడే వంపు ఉంటే అందులో ఆయిల్, నీరు నిలిచి గ్యాస్ దారి మూసేస్తాయి.

వేడికి దూరం. టర్బో, ఎగ్జాస్ట్, డీపీఎఫ్ (డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టర్) దగ్గర వద్దు. క్యాన్ చల్లగా ఉంటేనే ఆవిరి బాగా దిగుతుంది. వేడి ఎగ్జాస్ట్ మీద ఆయిల్ కారితే నిప్పు అంటుకోవచ్చు కూడా. కాబట్టి డ్రెయిన్ వాల్వు కింద ఏముందో కూడా చూసుకోండి.

నిటారుగా, చేతికందేలా. పక్కకి ఒరిగితే బాఫిల్ పనిచేయదు. డ్రెయిన్ అందకపోతే మీరు ఖాళీ చేయరు, ఇది అనుభవం మీద చెప్తున్న మాట.

దేనికి బిగిస్తున్నాం. ఖాళీగా ఉన్న 6 మి.మీ. మర రంధ్రం దొరికితే అదృష్టం. ఏబీఎస్ యూనిట్, బ్రేక్ మాస్టర్ సిలిండర్, ఎయిర్‌బ్యాగ్ సెన్సర్, ఇంజిన్ మౌంట్ బోల్టుల జోలికి పోవద్దు. బాడీకి కొత్త రంధ్రం వేయకుండా గడిచిపోతే మేలు. వేస్తే మన తీరప్రాంత గాలికి అక్కడే తుప్పు మొదలవుతుంది.

ఇంజిన్ ఊగుతుంది. గేరు వేసి వదిలినప్పుడు ఇంజిన్ మౌంట్ల మీద కదులుతుంది, క్యాన్ బాడీకి బిగించి ఉంటే కదలదు. హోస్‌లో 3, 4 సెంటీమీటర్ల వదులు ఉంచండి.

ఇక చపాతీ పిండి. క్యాన్‌ని చేత్తో ఆ చోట నిలబెట్టి లేదా తాత్కాలికంగా కట్టి, దాని నెత్తిన పిండిముద్ద పెట్టి, పైన చిన్న ప్లాస్టిక్ కాగితం కప్పి బానెట్ మెల్లగా మూయండి. తెరిచి, నొక్కుకుపోయిన పిండి మందం కొలవండి. 15 మి.మీ. కంటే తక్కువ ఉంటే క్యాన్‌ని కిందికి దించాలి.

## 9. బిగింపు

### టర్బో డీజిల్: వరుసగా

1. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, తాళం చెవి జేబులో పెట్టుకుని మొదలుపెట్టండి. ఇంజిన్ కవర్ తీసి నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి.

2. బ్రీదర్ పైపు గుర్తించండి. ఒక చివర టాపెట్ కవర్ మీద ఉంటుంది. రెండో చివర ఎయిర్ ఫిల్టర్ డబ్బాకి, టర్బోకి మధ్య ఉన్న లావు గాలి గొట్టంలో, ఎయిర్ ఫ్లో సెన్సర్ దాటాక కలుస్తుంది. చేత్తో పట్టుకుని రెండు చివరలూ తడిమి చూడండి. బ్రేక్ వాక్యూమ్ పైపునీ, టర్బో యాక్చుయేటర్ సన్నపైపునీ దీనితో పొరబడొద్దు. బ్రీదర్ పైపుకి కరెంటు ప్లగ్ గానీ సెన్సర్ గానీ ఉంటే అక్కడితో ఆగి, ఆ మోడల్‌కే చేసిన కిట్ ఉంటేనే ముందుకెళ్లండి.

3. విప్పే ముందే రెండు చివరల చుట్టూ దుమ్ము బ్రష్‌తో దులిపి తుడవండి. టర్బో చక్రం నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది, ఇసుక రేణువు పడినా దాని రెక్కలకి దెబ్బే.

4. క్లిప్పులు వదులు చేసి పైపు తీయండి. ప్లాస్టిక్ ముక్కు అయితే లాగకండి, కొద్దిగా అటూ ఇటూ తిప్పుతూ తీయండి. టర్బో వైపు తెరిచిన రంధ్రంలో పెద్ద గుడ్డ కుక్కి, దాని తోక బయటికి వేలాడేలా ఉంచండి. చిన్న గుడ్డ పెడితే మరిచిపోతారు.

5. బ్రాకెట్‌ని వేళ్లతోనే బిగించి క్యాన్ పెట్టండి. ఇప్పుడే పూర్తిగా బిగించొద్దు.

6. హోస్‌ని దారిలో పరిచి, మార్కర్‌తో గీత పెట్టి, గీతకి రెండు సెంటీమీటర్లు బయట నిటారుగా కోయండి. లోపల తుడవండి.

7. ముందు క్లిప్పులు హోస్ మీదికి ఎక్కించండి, తర్వాతే హోస్‌ని ముక్కుకి తొడగండి. హోస్ బిర్రుగా ఉంటే చివర్ని వేడినీళ్లలో నిమిషం ఉంచండి. చుక్క ఇంజిన్ ఆయిల్ రాస్తే చాలు, గ్రీజు, సిలికాన్ గమ్ము వద్దు.

8. టాపెట్ కవర్ నుంచి వచ్చేది ఇన్ ముక్కుకి. ఔట్ నుంచి టర్బో వైపు గాలి గొట్టానికి. ఒకసారి పైకే చదువుకుంటూ వేలితో చూపించుకోండి.

9. టర్బో వైపు హోస్ తొడిగే ముందే గుడ్డ తీయండి. తీశారా?

10. ప్రతి క్లిప్పూ ముక్కు మీది ఉబ్బు దాటిన తర్వాతే కూర్చోవాలి. ఉబ్బు మీదే బిగిస్తే జారుతుంది. హోస్ రబ్బరు క్లిప్పు రంధ్రాల్లోంచి ఉబికి వస్తే మరీ ఎక్కువైనట్టు. 6 మి.మీ. బోల్టులకి 8 నుంచి 10 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు.

11. హోస్ ఎక్కడైనా పదునైన రేకు అంచుకి, బెల్టుకి, ఫ్యాన్‌కి తగులుతోందేమో చూసి జిప్ టైలతో కట్టండి. హోస్ నొక్కుకుపోయేంత లాగి కట్టొద్దు.

12. పిండి పరీక్ష మళ్లీ చేసి బానెట్ మూయండి.

### పెట్రోల్‌లో తేడాలు

టర్బో లేని ఇంజిన్: పీసీవీ వాల్వు (బ్లో-బై గ్యాస్‌ని అదుపు చేసే వాల్వు) నుంచి మానిఫోల్డ్‌కి వెళ్లే పైపు మధ్యలో క్యాన్ వస్తుంది. పీసీవీ వాల్వుని తీసేయొద్దు, అది ఇంజిన్ వైపే, తన చోటే ఉండాలి. టాపెట్ కవర్‌కి గాలి గొట్టం నుంచి వచ్చే రెండో పైపు తాజా గాలి లోపలికి రావడానికి, దాన్ని అలాగే వదిలేయండి.

మానిఫోల్డ్ దగ్గర చూడ్డానికి ఒకేలా ఉండే పైపులు ఇంకా ఉంటాయి. బ్రేక్ బూస్టర్‌కి వెళ్లేది ఒకటి, పెట్రోల్ ఆవిరి డబ్బా నుంచి వచ్చేది ఇంకొకటి. వాటిలో దేన్ని విప్పినా తప్పే. బ్రేక్ పైపైతే ప్రాణాల మీదికి వస్తుంది. చివరిదాకా తడిమి చూడకుండా ఏ క్లిప్పూ వదులు చేయొద్దు.

టర్బో పెట్రోల్: ఇక్కడ గ్యాస్‌కి రెండు దారులు. మెల్లగా నడిపేటప్పుడు మానిఫోల్డ్ లాగుతుంది. యాక్సిలరేటర్ తొక్కి బూస్ట్ వచ్చినప్పుడు మానిఫోల్డ్‌లో ఒత్తిడి ఉంటుంది కాబట్టి ఆ దారి మూసుకుని, గ్యాస్ టర్బో ముందున్న గొట్టంలోకి వెళ్తుంది. ఒక్క దారిలోనే క్యాన్ పెడితే సగం పనే జరుగుతుంది.

రెండు దారులూ కావాలంటే మూడు ముక్కుల క్యాన్, ఔట్ వైపు రెండు చెక్ వాల్వులు (గ్యాస్‌ని ఒకవైపే వదిలేవి) ఉండాలి. చెక్ వాల్వు లేకుండా టీ ముక్కతో రెండు పైపులూ కలిపేసే చిట్కా చాలామంది చెప్తారు. అలా చేస్తే బూస్ట్ గాలి క్రాంక్‌కేస్‌లోకి దూరి ఆయిల్ సీళ్లని తోసేస్తుంది. ఐడ్లింగ్‌లోనేమో థ్రాటిల్‌ని (గాలిని అదుపు చేసే మూతని) తప్పించుకుని గాలి లోపలికి పోతుంది, ఆర్పీఎం దిగదు. టీఎస్ఐ లాంటి ఇంజిన్లలో ఆయిల్ సెపరేటర్, పీసీవీ అన్నీ ఇంజిన్‌లోనే కలిపి ఉంటాయి, మధ్యలో కోసి కలపడానికి మామూలు పైపు దొరకదు. ఆ ఇంజిన్ కోడ్‌కే తయారైన కిట్ లేకపోతే ప్రయోగాలు వద్దు.

## 10. స్టార్ట్ చేశాక చూడాల్సినవి

- ఐడ్లింగ్‌లో సన్నటి "సూ" శబ్దం వస్తోందా? వస్తే గాలి లీకు.
- మూత పరీక్ష వీడియోతో పోల్చండి. ముందుకంటే గట్టిగా తోస్తుంటే క్యాన్ గానీ హోస్ గానీ దారిని అడ్డుకుంటోంది. ఆ బండిని నడపొద్దు, అడ్డం ఎక్కడుందో తేల్చండి.
- పెట్రోల్ బండైతే ఓబీడీ డాంగుల్ (బండి కంప్యూటర్ అంకెలు చూపే పరికరం) పెట్టి ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ ఇంధనాన్ని ఎంత సరిదిద్దుతోందో చెప్పే అంకె) చూడండి. బిగించక ముందే చూసి రాసుకున్న అంకెలకి దగ్గరగానే ఉండాలి.
- ఒక ఇరవై కిలోమీటర్లు తిప్పి, చల్లారాక క్లిప్పులన్నీ మళ్లీ చూడండి. కొత్త రబ్బరు వేడికి కూర్చుని కొంచెం వదులవుతుంది.

## 11. ఎక్కువగా జరిగే తప్పులు, వాటి విరుగుడు

చెక్ ఇంజిన్ లైటు, కోడ్ పీ0171 లేదా పీ0507: మొదటిది మిశ్రమంలో గాలి ఎక్కువైందని, రెండోది ఐడ్లింగ్ ఎక్కువగా ఉందని. డ్రెయిన్ వాల్వు సరిగా మూయకపోవడం, మూత ఓ-రింగ్ నలగడం ముందు చూడండి. సెన్సర్లు మార్చడం తర్వాత.

నెలలు గడిచినా క్యాన్ పొడిగానే ఉంది: ఇన్, ఔట్ తారుమారు అయ్యాయా? పెట్రోల్‌లో తాజా గాలి పైపుకి బిగించారా? లోపల బాఫిల్ ఉందా? ఈ మూడూ సరిగా ఉంటే మీ ఇంజిన్ ఆరోగ్యంగా ఉందని సంతోషించండి.

డిప్‌స్టిక్ పైకి లేస్తోంది, సీళ్ల దగ్గర చెమ్మ: లోపల ఒత్తిడి పెరిగింది. హోస్ మడతపడిందా, ఫిల్టర్ మూసుకుపోయిందా, ముక్కు రంధ్రం చిన్నదా చూడండి. కారణం దొరికేదాకా కంపెనీ పైపు వెనక్కి పెట్టేయండి.

క్యాన్ వారానికే నిండుతోంది: క్యాన్ గొప్పతనం కాదిది. ఆయిల్ ఎక్కువ పోశారు, లేదా రింగులు పోయాయి.

డీజిల్‌లో నిండిన క్యాన్: దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. డీజిల్ ఇంజిన్ ఆయిల్‌తో కూడా మండగలదు. నిండిన క్యాన్ నుంచి ఆయిల్ ఒక్కసారిగా టర్బోలోకి వెళ్తే ఇంజిన్ దానంతటదే రేసయిపోతుంది. తాళం తిప్పినా ఆగదు, ఎందుకంటే ఆ ఇంధనం ఇంజెక్టర్ల నుంచి రావడం లేదు. మాన్యువల్ గేరు బండైతే బ్రేకు గట్టిగా తొక్కి, పై గేరు వేసి, క్లచ్ వదిలి ఇంజిన్‌ని ఆపాలి. అది కుదరకపోతే అందరినీ దించి దూరం జరగండి. గాలి గొట్టానికి చెయ్యి అడ్డం పెట్టే సాహసం చేయొద్దు. ఇదంతా రాకుండా ఉండాలంటే క్యాన్ సగం దాటకముందే ఖాళీ చేయాలి.

## 12. ఖాళీ చేయడం

మొదటిసారి 500 కిలోమీటర్లకే చూడండి. ఎంత వచ్చిందో దాన్నిబట్టి తర్వాతి గడువు మీరే నిర్ణయించుకోండి. దూరం ఎంత పెంచినా నెలకోసారి మట్టం చూడటం మానొద్దు.

- ఇంజిన్ ఆపి, చల్లారాకే డ్రెయిన్ తెరవండి.
- గాజు సీసాలో పట్టండి, ప్లాస్టిక్ కప్పులో కాదు. రంగు కనిపించాలి.
- సీసాకి మాస్కింగ్ టేపు అంటించి తేదీ, కిలోమీటర్లు, మట్టం గీత రాయండి. నాలుగు గీతలు పడేసరికి మీ ఇంజిన్ అలవాటు తెలిసిపోతుంది. ఆ అలవాటు హఠాత్తుగా మారితేనే కంగారు.
- డ్రెయిన్ మూసి, గుడ్డతో తుడిచి, మరునాడు అక్కడ తడి ఉందేమో చూడండి.

నల్లగా చిక్కగా వస్తే అది మామూలు ఆయిల్, డీజిల్‌లో మసి కలిసి ఉంటుంది. పెట్రోల్ బండిలో పెట్రోల్ వాసన ఉండొచ్చు. పాలు కలిపిన కాఫీ రంగులో నురగలా వస్తే నీరు కలిసింది. చలికాలంలో, వానల్లో, ఇంటి నుంచి ఆఫీసుకి రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండిలో ఇది సహజం. అదే రంగు డిప్‌స్టిక్ మీద కూడా కనిపించి, కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గ్యాస్‌కెట్ అనుమానించి మెకానిక్‌కి చూపించండి.

మిషిగన్, టొరంటో వైపు ఉండే మనవాళ్లకి ఒక మాట. సున్నా కంటే చాలా కిందికి పడిపోయే చలిలో క్యాన్‌లోని నీరు, హోస్‌లోని తడి గడ్డకట్టి దారి మూసేస్తాయి, సీళ్లు పోతాయి. చలికాలం మొదలవగానే కంపెనీ పైపు తిరిగి పెట్టేసి, మంచు తగ్గాక క్యాన్ బిగించుకోండి.

క్యాన్‌లో పడ్డ ఆయిల్‌ని ఇంజిన్‌లో తిరిగి పోయకండి, అందులో నీరు, ఇంధనం, ఆమ్లాలు ఉన్నాయి. ఇంజిన్‌లో మట్టం తగ్గితే కొత్త ఆయిలే పోయండి. క్యాన్ నుంచి తీసింది మురుగు కాలవలో పోయకుండా ఒక డబ్బాలో పోగుచేసి, సర్వీస్‌కి వెళ్లినప్పుడు గ్యారేజీవాళ్ల పాత ఆయిల్ డ్రమ్ములో పోయించండి.